మస్టాంగ్ గేరు బాక్సు డైరీ: రివర్సు పడని బండి

అక్టోబరు 19, శనివారం

రివర్సు వేస్తే బండి కాసేపు ఆలోచించుకుంటోంది. పొద్దున్నే డ్రైవ్‌వేలోంచి వెనక్కి తీద్దామని లివరు రివర్సులో పెట్టి ఒకటి, రెండు, మూడు, నాలుగు అని లెక్కపెట్టాక అప్పుడు ‘దబ్’మని పట్టుకుంటోంది. కాస్త వేడెక్కితే అదీ లేదు. ఇంజను అరుస్తుంది, బండి ఉన్నచోటే ఉంటుంది. ఇవాళ ఇండియన్ స్టోరు పార్కింగులో కూరగాయల సంచులు వెనక సీట్లో పెట్టుకుని బయటికి రాలేక, చివరికి నేనూ మా ఆవిడా కలిసి వెనక్కి నెట్టాం. ఎవరో కుర్రాడు ఫోన్లో వీడియో కూడా తీశాడు. మా ఆవిడ దారి పొడుగునా ఒక్క మాట మాట్లాడలేదు.

ముందుకి వెళ్ళడానికి పెద్ద ఇబ్బంది లేదు. ఒకటీ రెండూ గేర్లు బ్రహ్మాండంగా పడుతున్నాయి. రెండులోంచి మూడులోకి మారేటప్పుడు మాత్రం మధ్యలో ఎవరో న్యూట్రల్ చేసినట్టు ఇంజను ఒక్కసారి పైకి లేచి, తర్వాత తీరిగ్గా అందుకుంటోంది.

బండి సంగతి చెప్పాలి. 1966 ఫోర్డ్ మస్టాంగ్, 289 వీ8 ఇంజను, రెండు బ్యారెళ్ళ కార్బ్యురేటరు, ఆ రోజుల కాగితాల ప్రకారం 200 హార్స్‌పవర్. డ్రైవరు తలుపు మీది రేకు ప్లేటులో ట్రాన్స్‌మిషన్ కింద 6 అని కొట్టి ఉంది, అంటే సీ4, ఫోర్డ్ వాళ్ళ మూడు గేర్ల ఆటోమేటిక్ గేరు బాక్సు. ఛాసిస్ నంబరులో రెండోది ‘టీ’ అక్షరం, అంటే మెటచన్ ప్లాంటులో తయారైన బండి. పేరుకి మెటచన్ గానీ ఆ ప్లాంటు ఉన్నది మన న్యూజెర్సీ ఎడిసన్‌లోనే, రూట్ 1 మీద. 2004లో మూసేశారు, ఇప్పుడక్కడ షాపులున్నాయి. ఎడిసన్ అంటే మనవాళ్ళకి ఓక్ ట్రీ రోడ్డు, దోసెలు, బంగారం కొట్లు. ఇక్కడ మస్టాంగులు తయారయ్యేవని చెబితే మా తెలుగు మిత్రుల్లో సగం మంది నమ్మరు. ఈ బండి కొనడానికి సగం కారణం ఆ ‘టీ’ అక్షరమే.

ఇంకోటి, సిగ్గుపడుతూనే రాస్తున్నా. 1964 నుంచి 66 దాకా వచ్చిన సీ4లకి లివరు దగ్గర డ్రైవ్ అన్న అక్షరం ఉండదు. పార్క్, రివర్స్, న్యూట్రల్ తర్వాత ఒక చిన్న చుక్క, ఒక పెద్ద ఆకుపచ్చ చుక్క, ఆపైన లో. మామూలుగా నడపాల్సింది పెద్ద చుక్కలో. చిన్న చుక్కలో పెడితే బండి ఏకంగా రెండో గేరులో బయల్దేరుతుంది, మంచులో చక్రాలు జారకుండా ఆ ఏర్పాటు. ఇది తెలియక నేను కొన్న కొత్తలో నాలుగు నెలలు చిన్న చుక్కలోనే నడిపి, పాత బండి కదా, బద్ధకం అనుకున్నాను. న్యూట్రల్ తర్వాత మొదట వచ్చేది అదే మరి.

అక్టోబరు 20, ఆదివారం

గేరు బాక్సు ఆయిల్ డిప్‌స్టిక్ తీసి వాసన చూశాను. ఎర్రగా ఉండాల్సిన ఆయిల్ టీ డికాషన్ రంగులో ఉంది, అడుగంటిన అన్నం వాసన. ఇక లోపల ఏదో కాలిందని ఖాయం. ఏది కాలిందన్నది డబ్బా విప్పకుండానే తేల్చుకోవచ్చు, అదే ఈ పాత గేరు బాక్సుల్లో నాకు నచ్చేది. కంప్యూటరు లేదు, సెన్సారు లేదు, అంతా ఆయిల్ ప్రెషరూ స్ప్రింగులూ.

సీ4 లోపల పట్టుకుని ఆపేవి, కలిపేవి మొత్తం అయిదే. క్లచ్‌లు కలుపుతాయి, డ్రమ్ము చుట్టూ బిగుసుకునే బ్యాండ్లు ఆపుతాయి. ఫార్వర్డ్ క్లచ్, రివర్స్-హై క్లచ్, ఇంటర్మీడియట్ బ్యాండ్, లో-రివర్స్ బ్యాండ్, వెనక ఒకవైపుకే తిరిగే వన్-వే క్లచ్. ఒకటో గేరుకి ఫార్వర్డ్ క్లచ్చూ వన్-వే క్లచ్చూ చాలు. రెండో గేరుకి ఫార్వర్డ్ క్లచ్‌తో పాటు ఇంటర్మీడియట్ బ్యాండ్ బిగుసుకుంటుంది. మూడో గేరులో ఆ బ్యాండ్ వదిలేస్తుంది, రెండు క్లచ్‌లూ పట్టుకుంటాయి. రివర్సుకి రివర్స్-హై క్లచ్, లో-రివర్స్ బ్యాండ్.

ఒకటీ రెండూ బాగున్నాయి కాబట్టి ఫార్వర్డ్ క్లచ్ మంచిదే. మూడూ రివర్సూ రెండూ పాడు. రెండింటిలోనూ ఉన్నది రివర్స్-హై క్లచ్ ఒక్కటే. అయినా రివర్సు దగ్గర లో-రివర్స్ బ్యాండ్ మీద అనుమానం మిగిలిపోతుంది, అందుకని మా వీధి చివర పల్లంలోకి లివరు లోలో పెట్టి యాక్సిలరేటరు వదిలి చూశాను. లోలో ఆ బ్యాండ్ పట్టుకుంటేనే ఇంజను బండిని వెనక్కి లాగుతుంది, లేకపోతే సైకిల్లా జారిపోతుంది. గట్టిగా లాగింది. బ్యాండ్ నిర్దోషి.

వాక్యూమ్ మాడ్యులేటరు కూడా చూశాను. గేరు బాక్సు వెనకవైపు మర తిప్పి బిగించే చిన్న డబ్బా అది. ఇంజను నుంచి గాలి గొట్టం దానికి వస్తుంది, ఇంజను మీద ఎంత బరువు పడుతోందో గేరు బాక్సుకి చెప్పేది అదే. దాని లోపలి డయాఫ్రం చిరిగితే ఇంజను గేరు ఆయిల్ పీల్చుకుని తెల్లపొగ వదులుతుంది, కింద ఒక్క చుక్క కారకుండానే ఆయిల్ తరిగిపోతూ ఉంటుంది. గొట్టం ఊడదీసి చూస్తే లోపల పొడిగా ఉంది. సరే. కానీ దాని మూతిలో చిన్న అడ్జస్ట్‌మెంట్ స్క్రూ ఉంది, అది చాలా బయటికి తిప్పేసి ఉంది. అప్పటికి దాని గురించి ఎక్కువ ఆలోచించలేదు.

అక్టోబరు 26

ఒక ట్రాన్స్‌మిషన్ షాపుకి తీసుకెళ్ళాను, ముందుకే నడుపుకుంటూ, రివర్సు అవసరం రాకుండా రోడ్డు పక్కనే ఆపి. కౌంటరు దగ్గరున్న పెద్దమనిషి బండి చూడకుండానే ‘ఆ చెత్త ఎందుకు, నాలుగు గేర్ల ఏవోడీ పెట్టించేయ్’ అన్నాడు. నేను అడగని సలహాకి నాలుగు వేల డాలర్ల పైన కొటేషను. నాకు తెలిసిన ఇద్దరు ముగ్గురు కూడా అదే మాట.

ఏవోడీ అంటే ఫోర్డ్ వాళ్ళదే, ఓవర్‌డ్రైవ్ ఉన్న ఆటోమేటిక్. చెత్తదేం కాదు. 1980లో వచ్చింది, మూడు గేర్ల పైన 0.67 ఓవర్‌డ్రైవ్ ఉంటుంది, హైవే మీద ఇంజను నిమ్మళంగా తిరుగుతుంది. కానీ దానికి కింద క్రాస్‌మెంబరు మార్చాలి, ప్రొపెల్లర్ షాఫ్ట్ మార్చాలి, కార్బ్యురేటరు నుంచి టీవీ (థ్రాటిల్ వాల్వ్) కేబుల్ లాగాలి, ఆ కేబుల్ సెట్టింగు తప్పితే కొత్త బాక్సు కూడా కాలి కూర్చుంటుంది. అవన్నీ పడి సాధించేది ఏమిటని లెక్క వేశాను. నా వెనక యాక్సిల్ గేరు నిష్పత్తి 3.00, టైరు ఎత్తు దాదాపు 25 అంగుళాలున్నర. 65 మైళ్ళ వేగంలో మూడో గేరులో ఇంజను సుమారు 2,570 చుట్లు తిరుగుతుంది. దీనికేమైనా ఆయాసమా? ఓవర్‌డ్రైవ్ పెడితే 1,720కి పడిపోతుంది, ఈ కార్బ్యురేటరు ఇంజను అక్కడ మూలగడం తప్ప చేసేది లేదు. వెనక యాక్సిల్ 3.55 లాంటిదైతే వేరే సంగతి. నాకు రోజూ హైవే ప్రయాణం లేదు. పైగా పెద్ద చుక్క, చిన్న చుక్క పోతాయి. ఆ చుక్కలు నాకు కావాలి.

రీబిల్డ్ కిట్ ఆర్డరు పెట్టేశాను. సీళ్ళు, ప్యాకింగులు, క్లచ్ ప్లేట్లు, స్టీలు ప్లేట్లు, రెండు బ్యాండ్లు, ఫిల్టరు. ఇంజను శక్తిని ఆయిల్ ద్వారా గేరు బాక్సుకి అందించే టార్క్ కన్వర్టరు వేరేగా ఇంకోచోట. ఎప్పుడూ ఆటోమేటిక్ విప్పింది లేదు, ఉన్నదల్లా షాపు మాన్యువల్ ఒకటీ, మొండితనం ఒకటీ.

నవంబరు 2

మావయ్యగారు వచ్చి వారమైంది. మనవరాలిని చూసుకోవడానికి వచ్చారు గానీ అది పొద్దున బడికి పోతే సాయంత్రం దాకా ఆయనకి తోచదు. భీమవరంలో నలభై ఏళ్ళు డీజిల్ పంపుల షాపు నడిపిన మనిషి, ట్రాక్టర్ల పంపులు, లారీల నాజిళ్ళు. బండి నాలుగు స్టాండుల మీద ఎత్తి నేను కిందకి దూరితే, షెడ్డులో గడ్డకట్టే చలిలో మంకీ క్యాపు పెట్టుకుని వచ్చి నిలబడ్డారు.

‘క్లచ్ పెడల్ లేదేంటి బాబూ?’

‘ఆటోమేటిక్ అండీ మావయ్యగారూ.’

‘1966లోనా? ఆయ్, మా ఊళ్ళో అప్పటికి కరెంటే సరిగ్గా లేదు.’

ఆయిల్ చాంబరు దించితే అడుగున నల్లటి బురద. అయస్కాంతం పెట్టి చూస్తే పెద్దగా ఏమీ అంటుకోలేదు, అంటే ఇనుము కాదు, క్లచ్ ప్లేట్ల పొడి. కొంత నయం. కన్వర్టరుకి కూడా డ్రెయిన్ ప్లగ్ ఉంది, ఇంజను తిప్పుతూ అది కిందకి వచ్చాక విప్పి దాన్నీ ఖాళీ చేశాం. ఇప్పటి బండ్లలో ఈ ప్లగ్ మాయమైంది, ఎవరు తీసేయమన్నారో గానీ.

ప్రొపెల్లర్ షాఫ్ట్ విప్పే ముందు ఫ్లాంజి మీద సుద్దతో గుర్తు పెట్టాం, అదే కోణంలో తిరిగి కూర్చోవాలి కదా. స్టార్టరు, కూలరు గొట్టాలు, స్పీడోమీటరు కేబులు, లివరు రాడ్డు, కిక్‌డౌన్ రాడ్డు, మాడ్యులేటరు గొట్టం ఒక్కొక్కటీ తీసి విడివిడిగా కవర్లలో పెట్టి పేరు రాశాను. కన్వర్టరుని ఫ్లెక్స్‌ప్లేటుకి, అంటే ఇంజను వెనక తిరిగే రేకు చక్రానికి, పట్టుకున్న నాలుగు నట్లు కింద చిన్న రేకు తీస్తే ఒక్కొక్కటే కనిపిస్తాయి, క్రాంక్ బోల్టుకి పానా వేసి తిప్పుకుంటూ తీయాలి. అసలు పరీక్ష బెల్‌హౌసింగు, అంటే గేరు బాక్సుని ఇంజనుకి బిగించే గంటలాంటి ముందు భాగం, దాని పై బోల్టులు. మూడు ఎక్స్‌టెన్షన్లు ఒకదానికొకటి తగిలించి, గేరు బాక్సు తోక మీదుగా చెయ్యి చాచి, కళ్ళకి కనపడకుండా వేళ్ళతో వెతికి పట్టుకోవాలి. రెండు బోల్టులకి రెండు గంటలు.

బాక్సు ఒట్టిదే 110 పౌండ్లు. మన సోనా మసూరి 20 పౌండ్ల బస్తాలు అయిదున్నర అనుకోండి, పైగా పట్టుకోవడానికి చెవులుండవు. అద్దెకి తెచ్చిన ట్రాన్స్‌మిషన్ జాకీ మీద గొలుసుతో కట్టి దించాం. వెనక్కి జరపగానే కన్వర్టరులోంచి మిగిలిన ఆయిల్ నా మెడ మీదకి. కన్వర్టరు బయటికి లాగితే దాంతో పాటు ఒక మూరెడు షాఫ్ట్ కూడా ఊడి వచ్చేసింది. నా గుండె ఆగినంత పనైంది. ఏదో విరగ్గొట్టాననుకున్నా. మాన్యువల్ చూస్తే ఈ బాక్సులో ఇన్‌పుట్ షాఫ్ట్ అంతేనట, ఏదీ పట్టుకుని ఉండదు, అలా వదులుగానే ఉంటుంది.

నవంబరు 9, 10

బల్ల మీద శస్త్రచికిత్స. ముందు వాల్వ్ బాడీ, అంటే ఆయిల్ ఎప్పుడు ఎటు పోవాలో చూసే వాల్వుల దిమ్మ, తర్వాత ఆయిల్ పంపు. పంపు ముందు నుంచి లాగితే రాదు. పక్క కన్నంలోంచి పెద్ద స్క్రూడ్రైవరు దూర్చి ఇన్‌పుట్ షెల్‌ని వెనక నుంచి ముందుకి నెడితే ఆ గేర్లన్నీ కలిసి పంపుని బయటికి తోస్తాయి. రెండు సార్లు నెట్టగానే ‘ప్లక్’మని వచ్చింది.

తర్వాత వరసగా ఇంటర్మీడియట్ బ్యాండ్, రివర్స్-హై డ్రమ్ము, ఫార్వర్డ్ క్లచ్ డ్రమ్ము, గేర్ల సెట్టు. గేర్ల సెట్టు సింప్సన్ రకం. హోవర్డ్ సింప్సన్ అనే ఇంజనీరు కట్టిన లెక్క అది. రెండు ప్లానెటరీ గేర్లకి మధ్యలో ఒకే సన్ గేరు. అంత తక్కువ సామానుతో మూడు గేర్లూ ఒక రివర్సూ. ఫోర్డే కాదు, క్రైస్లరూ జనరల్ మోటార్సూ కూడా దీన్నే వాడాయి. మావయ్యగారు దాన్ని చేతిలో పట్టుకుని ఒకటి ఆపి ఇంకోటి తిప్పుతూ అరగంట కూర్చున్నారు. అన్నానికి పిలిచినా లేవలేదు. కాసేపటికి ‘దీన్ని పట్టుకుంటే ఇటు, దాన్ని పట్టుకుంటే అటు’ అని తనలో తనే.

రివర్స్-హై డ్రమ్ములో ప్లేట్లని పట్టి ఉంచే రింగు, సర్‌క్లిప్, తీసి ప్లేట్లు బల్ల మీద పరిచాం. మాటల్లేవు. క్లచ్ ప్లేట్ల మీద ఉండాల్సిన మెటీరియల్ సగానికి సగం లేదు, లోపలి రేకు కనిపిస్తోంది. స్టీలు ప్లేట్లు నెమలి మెడలా నీలంగా తిరిగాయి. పిస్టన్ మీది రబ్బరు సీలు తీసి వేళ్ళతో వంచితే అప్పడంలా ఫట్‌మని విరిగింది. మెత్తగా లోపలి గోడకి అంటుకుని ప్రెషరు నిలబెట్టాల్సింది అదే. అది ఎండిపోతే ఆయిల్ పక్కనించి జారిపోతుంది, పిస్టన్ పూర్తిగా నొక్కదు, ప్లేట్లు జారి కాలతాయి.

అప్పుడు గుర్తొచ్చింది మాడ్యులేటరు స్క్రూ. దాన్ని బయటికి తిప్పితే లోపలి ప్రెషరు తగ్గుతుంది, గేర్లు వెన్నలా మారతాయి. నాకు అమ్మినాయన బండి చూపించినప్పుడు ‘ఎంత స్మూత్‌గా మారుతుందో చూడు’ అని మురిసిపోవడం ఇప్పటికీ చెవుల్లో ఉంది. ఆ స్మూత్ ఖరీదు ఇదిగో ఈ నీలం ప్లేట్లు. ఆయనే తిప్పాడో అంతకుముందు వాళ్ళు తిప్పారో చెప్పలేను గానీ, ఎండిన సీలూ తగ్గిన ప్రెషరూ కలిస్తే ఏమవుతుందో బల్ల మీద ఉంది.

ఇంటర్మీడియట్ బ్యాండ్ కూడా గాజులా మెరుస్తోంది. దానికి బాధ్యుణ్ణి నేను. నాలుగు నెలలు రెండో గేరులో బయల్దేరించాను కదా.

నవంబరు 16

వాల్వ్ బాడీ కడగడం మావయ్యగారి డిపార్టుమెంటు అయిపోయింది. నేను గుడ్డతో తుడవబోతే చేతిలోంచి లాగేసుకున్నారు. ‘పీచు వదిలే గుడ్డ ఇక్కడికి తేకండి అల్లుడుగారూ, పంపు షాపులో ఇలా చేసిన కుర్రాణ్ణి ఇంటికి పంపేశాను.’ అక్కడ కిరసనాయిలు వాడేవారట, ఇక్కడ మినరల్ స్పిరిట్స్ డబ్బా తెచ్చాను. ఒక్కో వాల్వు, దాని స్ప్రింగు తీసి వార్తాపత్రిక మీద తీసిన వరసలోనే పేర్చి, బ్రష్షుతో కడిగి, కంప్రెసరు గాలితో ఆరబెట్టారు. ఆయన పరీక్ష ఒకటే. వాల్వుని కన్నంలో పెట్టి వాల్వ్ బాడీ ఏటవాలుగా వంచితే అది దాని బరువుకి అదే జారాలి. వేలితో నెట్టాల్సి వస్తే మళ్ళీ కడగాలి. ఒక్కటి మాత్రం జారనంది. దాని అంచున కంటికి కనపడని చిన్న గీత ఉంది, బాగా పాతబడిన నునుపు ఎమరీ కాగితం ఆయిల్లో తడిపి రెండు సార్లు తిప్పారంతే, జారింది. నలభై ఏళ్ళ చెయ్యి.

కన్వర్టరు వచ్చింది. తప్పుది. ఇన్‌పుట్ షాఫ్ట్ దూర్చి చూస్తే దూరదు. లెక్కపెడితే షాఫ్ట్‌కి 24 పళ్ళు, కన్వర్టరు లోపల 26. 1969 దాకా 24, 1970 నుంచి 26. ఆర్డరులో సంవత్సరం స్పష్టంగా రాశాను, అయినా అమ్మినవాళ్ళు ‘సీ4 అంటే సీ4యే కదా’ అన్నారు. తిరిగి పంపే ఖర్చు నాదేనట. ఫోన్లో గంట వాదించాక సగం భరిస్తామన్నారు. పది రోజులు పోయాయి. పాత బండి సామాను పెట్టెలోంచి తీసిన వెంటనే పళ్ళు లెక్కపెట్టుకోండి, నాలా వారం బల్ల మీద ఉంచి చూడకండి.

నవంబరు 30

థాంక్స్‌గివింగ్ సెలవులు. బిగింపు.

కొత్త క్లచ్ ప్లేట్లు ముందు రోజు రాత్రే ఆయిల్లో నానబెట్టాను, మినపప్పు నానబెట్టినట్టు అని మా ఆవిడ. ఆయిల్ టైప్ ఎఫ్. ఈ రోజుల ఆయిళ్ళలో జారుడు కోసం కలిపే మందులు దీన్లో ఉండవు, గట్టిగా పట్టుకోవాలనే ఫోర్డ్ అప్పట్లో ఇది పెట్టింది. థ్రస్ట్ వాషర్లు జారిపోకుండా వాసెలిన్ పూసి అంటించాం. గ్రీజు పనికిరాదు, కరగదు. వాసెలిన్ అయితే వేడికి ఆయిల్లో కలిసిపోతుంది.

పిస్టన్ సీలు డ్రమ్ములోకి దింపడం దగ్గర గంటన్నర పట్టింది. సీలు అంచు మడతపడితే మళ్ళీ మొదటికే. పల్చటి ఫీలర్ గేజి బ్లేడుతో అంచుని లోపలికి ఒత్తుకుంటూ, చుట్టూ తిప్పుకుంటూ నెమ్మదిగా. మొదటిసారి మడతపడింది, తీసేశాం. రెండోసారి దిగింది. రివర్స్-హై క్లచ్‌లో ప్లేట్లకీ సర్‌క్లిప్‌కీ మధ్య సందు 50 నుంచి 71 థౌ (అంగుళంలో వెయ్యో వంతులు) ఉండాలి. మాకు 84 వచ్చింది. ఇందుకే సర్‌క్లిప్‌లు రకరకాల మందాల్లో వస్తాయి, మందంది వేస్తే 62. ఫార్వర్డ్ క్లచ్‌కి 25 నుంచి 50, అది తిన్నగా 38 వచ్చి కూర్చుంది. మొత్తం గేర్ల ఎండ్ ప్లే, అంటే ముందుకీ వెనక్కీ కదిలే సందు, 8 నుంచి 42 థౌ మధ్య ఉండాలి, డయల్ గేజి పెడితే 23. ఆ 23 చూసి ఇద్దరం టీ తాగాం.

వాల్వ్ బాడీ పెట్టే ముందు గాలి పరీక్ష. కేసు మీద ఆయిల్ దారులు కన్నాలుగా కనిపిస్తాయి, ఒక్కో దాంట్లోకి కంప్రెసరు గాలి వదిలితే ఆ క్లచ్ పట్టుకోవాలి. ఫార్వర్డ్ క్లచ్ దారిలో వదిలితే లోపల్నించి ‘ఠక్’. రివర్స్-హై దారిలో వదిలితే ఇంకా బరువుగా ‘ఠప్’. మావయ్యగారు కేసు మీద అరచెయ్యి ఆనించి, కళ్ళు మూసుకుని, మళ్ళీ వదలమన్నారు. మళ్ళీ ‘ఠప్’. గాలి బుస్సుమని కారడం లేదు. బ్యాండ్లని బిగించే పిస్టన్లు, సర్వోలకి కూడా అంతే, గాలి వదలగానే బ్యాండ్ డ్రమ్ముని పట్టుకోవడం కళ్ళతో చూశాం.

బ్యాండ్ల దగ్గర మాత్రం ఇద్దరికీ వాదన. బయటి అడ్జస్టరు బోల్టుని 10 ఫుట్-పౌండ్లకి బిగించి, ఇంటర్మీడియట్‌ది ఒకటీ ముప్పావు చుట్టు, లో-రివర్స్‌ది మూడు చుట్లు వెనక్కి తిప్పి లాక్‌నట్ బిగించాలి. ‘బిగించిన దాన్ని మళ్ళీ వదులు చేయడమేంటి బాబూ, బ్రేకు లైనర్ అలా వదిలేస్తామా?’ అని ఆయన. మరీ బిగుతుగా ఉంటే వదలాల్సినప్పుడు వదలదు, రాసుకుని కాలుతుందని నేను. మాన్యువల్ బొమ్మ చూపించాక ‘సరే, పుస్తకం వాళ్ళు చదువుకున్నోళ్ళు’ అన్నారు.

డిసెంబరు 7

ఎక్కించే రోజు. సరైన కన్వర్టరు వచ్చింది, 24 పళ్ళు, రెండుసార్లు లెక్కపెట్టాను.

కన్వర్టరుని పంపు మీదకి ఎక్కించేటప్పుడు మూడు చోట్ల కలవాలి. ఇన్‌పుట్ షాఫ్ట్ పళ్ళు, స్టేటరు పళ్ళు, ఆఖర్న దాని మెడ పంపు గేరులో. కొంచెం కొంచెం తిప్పుతూ నెడితే మూడుసార్లు లోపలికి దిగడం తెలుస్తుంది. నేను రెండుసార్లు దిగడం విని అయిపోయిందనుకున్నాను. బాక్సుని జాకీతో ఎత్తి ఇంజనుకి ఆనిస్తే బెల్‌హౌసింగు ఇంకా వేలి మందం దూరంలో ఆగిపోయింది. ‘బోల్టులు బిగిస్తే అదే వస్తుందిగా’ అని చేతిలో పానా పట్టుకున్నాను కూడా. చాలామంది పంపు పగలగొట్టుకునేది సరిగ్గా ఇక్కడే. బోల్టు లాగుతుంది, కన్వర్టరు మెడ పంపు గేరుని నొక్కుతుంది, ఇంజను స్టార్టు చేసిన మొదటి నిమిషంలో నెల రోజుల పని చూర్ణం. టెన్షన్‌తో చేతులు వణికాయి. దించేశాం. బాక్సుని మూతి పైకి నిలబెట్టి కన్వర్టరు తిప్పితే, పదో పన్నెండో చుట్లయ్యాక ఆ మూడో ‘టక్’ వచ్చింది, అంగుళంలో సగం దాకా లోపలికి పోయింది.

ఈసారి బెల్‌హౌసింగు చేత్తో నెడితేనే ఇంజనుకి అతుక్కుంది. ఆరు బోల్టులూ బిగించాక కన్వర్టరు చేత్తో తిరుగుతోంది, ముందుకీ వెనక్కీ కొద్దిగా కదులుతోంది. అలా ఉండాలి. పాత ప్లేట్ల పొడి కొత్త బాక్సులోకి రాకుండా కూలరు గొట్టాల్లోకీ రేడియేటరు అడుగు ట్యాంకులోకీ ద్రావకం పోసి గాలితో కొట్టాం, మొదట నల్లగా, చివరికి తేటగా వచ్చింది.

డిసెంబరు 14

అయిదు క్వార్టుల ఆయిల్ పోసి స్టార్టు చేశాను. పంపు పొడిగా తిరగకూడదు, అందుకని స్టార్టు చేసిన వెంటనే ఇంకా పోస్తూనే ఉండాలి. మావయ్యగారు గరాటు పట్టుకున్నారు, నేను బ్రేకు మీద కాలు పెట్టి లివరు ఒక్కో చోట ఆపుతూ అన్ని గేర్లకీ తిప్పాను. వేడెక్కాక పార్కులో, ఇంజను నడుస్తుండగా డిప్‌స్టిక్ చూసి మిగిలింది సరిచేశాం.

రివర్సు. లెక్కపెట్టడానికి నోరు తెరిచాను, ‘ఒ’ అనకముందే పట్టుకుంది.

మా వీధి నాలుగు రౌండ్లు. ఒకటి నుంచి రెండు బాగుంది, రెండు నుంచి మూడు శుభ్రంగా పడింది కానీ కాస్త ఆలస్యం, కాస్త దూకుడు. కొత్త మాడ్యులేటరు స్క్రూ పావు చుట్టు బయటికి తిప్పాను, అంతకుమించి ముట్టుకోనని మా ఆవిడ ముందు ఒట్టేశాను. తర్వాత రూట్ 1 మీదకి తీసుకెళ్ళి పాత ప్లాంటు ఉన్నచోట షాపుల పార్కింగులో కావాలని మూలకి పెట్టి, రివర్సులో మూడుసార్లు బయటికీ లోపలికీ. సెక్యూరిటీ గార్డు బయటికి వచ్చి చూసి, ఏమనుకున్నాడో, చెయ్యి ఊపి వెళ్ళిపోయాడు.

డిసెంబరు 21

రాత్రి మూడంగుళాల మంచు పడింది. ఉప్పు చల్లిన రోడ్డు మీద ఈ బండి తీయనుగానీ, డ్రైవ్‌వేలో మాత్రం చిన్న చుక్కలో పెట్టి చూశాను. చక్రం జారకుండా మెల్లగా కదిలింది. దీని కోసమన్నమాట.

జనవరి 4

మావయ్యగారు సంక్రాంతికి ఊళ్ళో ఉండాలని ఇవాళ బయల్దేరారు. ఎయిర్‌పోర్టుకి మస్టాంగ్‌లోనే దింపమన్నారు గానీ ఆయన రెండు సూట్‌కేసులూ డిక్కీలో పట్టలేదు, మినీవ్యాన్‌లోనే వెళ్ళాం.

బండి కింద అట్టముక్క పరిచి ఉంచాను. పొద్దున చూస్తే రెండు చుక్కలు, ఎర్రగా, శుభ్రంగా. లివరు షాఫ్ట్ సీలు దగ్గర్నుంచి. అది మార్చాలంటే మళ్ళీ చాంబరు దించాలి. చుక్కల చుట్టూ పెన్సిలుతో గీసి తేదీ వేశాను, వచ్చే శనివారానికి ఎన్ని అవుతాయో చూడాలి. ఆయన దోహాలో దిగగానే వాట్సాప్: ‘కారుతోందా?’ ఫోటో పెట్టాను. ‘రెండే కదా, పండగయ్యాక చూడండి’ అని వచ్చింది.